తేమ తరుగు

నర్సు నాగేశ్వరి అన్నది ఒకటి, లింగమూర్తి చెవిన పడింది ఇంకొకటి.

"నీటి బిళ్ళ పొద్దున పూటే వెయ్యాలండీ. ఒక్కరోజు కూడా ఆపకూడదు. ఆపారంటే ఆవిడ గుండెకే ప్రమాదం" అని ఆమె చెప్పింది. సరిగ్గా అప్పుడే వెనక వార్డులో ఎవరో స్టీలు బేసిను కింద పడేశారు. ఆ మోతలో లింగమూర్తికి వినపడింది "నీటి బిల్లు". అందులో అతని తప్పు సగమే. గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన నాగేశ్వరికి మందంటే బిళ్ళ. లింగమూర్తి పుట్టి పెరిగిన చోట మందంటే గోలీ. బిళ్ళ అంటే ఆడపిల్లలు గడులు గీసి కాలితో తోసుకునే పెంకు. ఆ పెంకు పెళ్ళాం నోట్లో వెయ్యమని ఏ నర్సూ చెప్పదు గనక, బిల్లే అయివుంటుందని అతను తీర్మానించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, చాయ్ కూడా తాగకుండా, మాదాపూర్ నుంచి మున్సిపాలిటీ ఆఫీసు దాకా నడిచిపోయి గుమస్తా గోవిందప్ప బల్ల ముందు నిలబడ్డాడు. మా ఇంటి నీటి బిల్లు ఇవాళే వెయ్యమన్నాడు. గోవిందప్ప ఇరవయ్యేళ్ళ సర్వీసులో బిల్లు తగ్గించమని ఏడ్చినవాళ్ళను చూశాడు, బిల్లు ఎగ్గొట్టి నవ్వినవాళ్ళను చూశాడు. వెయ్యమని చేతులు జోడించినవాణ్ణి మాత్రం చూడలేదు.

"మీ గల్లీకి పైపే లేదు, నల్లా లేదు. నీకు బిల్లెక్కడిది పెద్దాయనా?"

"ఎట్లనన్న జేసి ఒక్కటి రాయి సారూ. బిల్లు ఆగితే మా ఇంటామె గుండె ఆగుతదట."

ఆ బిల్లు కోసం రెండు రోజులు తిరిగాడు. ఆ రెండు రోజులూ అసలు బిళ్ళ గూట్లోనే ఉంది, భార్య బుచ్చమ్మ కాళ్ళు మాత్రం మళ్ళీ ఉబ్బాయి. మూడో రోజు ఆసుపత్రిలో నాగేశ్వరి తెల్లటి గోలీ ఒకటి అతని అరచేతిలో పెట్టి, ఒంట్లో చేరిన నీటిని బయటికి పంపేది ఇదేనని చూపించింది. గోవిందప్ప నోరు ఊరుకుంటుందా! వారం తిరక్కుండానే గల్లీ అంతా లింగమూర్తిని "నీటి బిల్లు" అని పిలవడం మొదలుపెట్టింది. అందరికంటే ఎక్కువ నవ్వింది బుచ్చమ్మ. నవ్వీ నవ్వీ ఆయాసం వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, మళ్ళీ నవ్వింది.

లింగమూర్తి మాత్రం నవ్వలేదు. ఇక చెవిని నమ్మకూడదు, చేతినే నమ్మాలి అనుకున్నాడు. నూరు పేజీల నోటుబుక్కు ఒకటి కొనుక్కొచ్చి, దానికి అట్ట వేసి, దారంతో పెన్సిలు కట్టాడు. పుస్తె కట్టిన ముప్పై నాలుగేళ్ళకు ఆమె కోసం పుస్తకం కూడా కట్టాడన్నమాట.

అతని చెయ్యి నమ్మదగ్గదే. వికారాబాద్ మార్కెట్ యార్డులో ముప్పయ్యేళ్ళు దడ్వాయిగా చేశాడు. అంటే రైతు తెచ్చిన బస్తాను కాంటా మీద తూచి, బరువు చదివి, చీటీ రాసేవాడు. దడ్వాయి మాట మీద అటు రైతుకు దడ, ఇటు వ్యాపారికి దడ. లింగమూర్తి తూకమంటే ఇద్దరూ మారు మాట్లాడేవాళ్ళు కారు. యార్డులోకి కొత్త యంత్రాలొచ్చి పాత కాంటాలు మూలపడ్డప్పుడు, తన కాంటాను తనే ఎడ్లబండి మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. రిటైరయ్యాక అత్తగారి ఊరైన మాదాపూర్ చేరినప్పుడు కూడా అది వెంట వచ్చింది. చుట్టూ బండలు పేల్చి గాజు మేడలు కడుతున్నారు, ఊరంతా హైటెక్కు అంటున్నారు. లింగమూర్తి వసారాలో ఉన్నది మాత్రం హై తక్కెడ. ఇనుప పలక, ఇత్తడి కడ్డీ, దాని మీద జరిగే గుండు. బుచ్చమ్మ దాన్ని సవతి అనేది.

మొదట్లో డాక్టరు యజ్ఞనారాయణ బుచ్చమ్మకు గుండె ఫెయిల్ అన్నప్పుడు, ఇక ఆమె పని అయిపోయిందనే లింగమూర్తి అనుకున్నాడు. ఆ మాట అతను చావు కబుర్లలోనే విన్నాడు. ఇప్పుడు పుస్తకం పట్టుకుని ఇద్దరూ ఆసుపత్రికి పోతే, నాగేశ్వరి పక్కన కూర్చోబెట్టుకుని అంతా విడమరిచింది. ఫెయిలంటే ఆగిపోవడం కాదు, పంపు అరగడం. మోటారు అరిగితే నీళ్ళు పైకెక్కక కిందే నిలబడిపోయినట్టు, ఈమెకు ముందు కాళ్ళలో నిలుస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లో నిలుస్తాయి. కాళ్ళలో ఉన్నప్పుడే పట్టుకుంటే మనిషి దక్కుతుంది. అందుకే నీటి గోలీ. అందుకే ఉప్పు బంద్, పచ్చళ్ళు తొక్కులు బంద్, రోజంతటికీ లీటరు నీళ్ళే. గుండె గోలీ వేసే ముందు నిమిషం పాటు నాడి లెక్కపెట్టాలి, అరవైకి తగ్గితే ఆ పూట వెయ్యకుండా ఎస్టీడీ బూతు నుంచి ఫోను చెయ్యాలి. మూడో గోలీ గుండె మీద భారం తగ్గిస్తుంది, దానితో పొడిదగ్గు రావచ్చు. వీటన్నిటికంటే ముఖ్యం, పొద్దున్నే ఏమీ తినకముందు రోజూ ఒకే కాంటా మీద బరువు చూసి రాయడం.

"వారంలో రెండు కిలోలు పెరిగిందంటే అది కండ కాదు బాబాయి గారూ, నీరు. ఆ పూటే తీసుకొచ్చెయ్యాలి. ఆవిడ ప్రాణం ఇక మీ పుస్తకంలోనే ఉంది" అని నాగేశ్వరి అంది. అని, తన బొటనవేలితో బుచ్చమ్మ కాలి మీద నొక్కి, సొట్ట పడుతుందో లేదో ఎలా చూడాలో కూడా నేర్పింది.

అలా మొదలైంది. తెల్లవారగానే కొడుకు శివశంకర్ కంప్యూటర్ ఆఫీసు వాళ్ళను ఎక్కించుకోవడానికి వ్యాను తీసుకుని పోయేవాడు. వెళ్ళేముందు గడపలోంచి తల్లి వైపు చూసి, తల్లి చెయ్యి ఊపాకే బండి తీసేవాడు. ఆ తర్వాత బుచ్చమ్మ ముఖం కడుక్కుని కాంటా ఎక్కేది.

"నా సవతి మీద కాలు పెడుతున్న. అలుగుతదేమో జర జూడు."

"అలుగది. నీ తీరు గాదు దానిది. ఎంతున్నదో గంతే చెప్తది."

"అవ్, నేను ఎంతున్నదో గంతకంటె ఎక్కువ చెప్త. అందుకే నాతోని ఇన్నేండ్లున్నవ్."

ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఆమె బరువు యాభై రెండు. పుస్తకంలో మొదటి పేజీలో అదే రాశాడు. ఆ తర్వాత నాడి. ఆమె మణికట్టు పట్టుకుని, బస్తాలు లెక్కపెట్టినట్టే పైకి లెక్కపెట్టేవాడు. ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. యార్డులో ఏడు అనే మాట నోట రానివ్వరు. ఏడు అంటే ఏడువు అన్నట్టేనని గింజల రాశి ముందు దాన్ని దాటేస్తారు. ముప్పయ్యేళ్ళ నాలుక భార్య నాడి దగ్గర కూడా ఆ మాటను దాటేసింది. అరవై ఆరున్నొకటి, అరవై ఎనిమిది అని అతను లెక్కపెడుతుంటే, నా గుండె కాయను అమ్మకానికి పెట్టినవా అని ఆమె అడిగేది.

మూడు నెలలు బాగా గడిచాయి. పదిహేను రోజులకోసారి ఇద్దరూ ఆటోలో ఆసుపత్రికి పోయేవాళ్ళు. యాభై రెండు, యాభై ఒకటిన్నర, యాభై రెండు. నాగేశ్వరి ఆ పుస్తకాన్ని మిగతా రోగుల వాళ్ళకు చూపించేది. చదువుకున్నవాళ్ళు కూడా ఇలా రాయరండీ అనేది. బుచ్చమ్మ ఇంటికొచ్చి, నా బరువు కంటె నీ బరువు పెరిగింది అని వెక్కిరించేది.

కార్తీకంలో ఒకనాడు కాంటా యాభై మూడు చూపించింది. లింగమూర్తి కిందికి వంగి, నాగేశ్వరి నేర్పినట్టే కాలి మీద బొటనవేలు ఆనించాడు. కొంచెం సొట్ట పడింది.

ఇక్కడే అతని చెయ్యి తనకు తెలిసిన పని చేసుకుపోయింది. వానాకాలం వడ్లు యార్డుకు తడిగా వస్తాయి. దడ్వాయి బస్తాలో చెయ్యి పెట్టి, పిడికెడు గింజలు పట్టి చూసి, తేమ ఎంతో చెప్పేస్తాడు. కాంటా మీద వచ్చిన బరువులోంచి ఆ తేమకు తరుగు తీసి, మిగిలిందే నికరమని చీటీ మీద రాస్తాడు. తడి బరువును నికరమని రాసిన దడ్వాయిని యార్డులో దొంగ అంటారు. లింగమూర్తి ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి కూడా తడి బరువు రాయలేదు. ఇప్పుడు బుచ్చమ్మ కాలి మీద అతని వేలు పట్టుకున్నదేమిటి? నీరు. కండ కాదు, నీరేనని నర్సమ్మే చెప్పింది గదా. నీరు బుచ్చమ్మ కాదు. కాబట్టి పుస్తకం వెనక పేజీలో, ఎప్పటి అలవాటు చొప్పున, మొత్తం యాభై మూడు, తేమ తరుగు ఒకటి, నికరం యాభై రెండు అని రాసుకున్నాడు. ముందు పేజీలోకి నికరమే ఎక్కించాడు.

మూడు రోజులకు తరుగు ఒకటిన్నర అయింది. ఆ తర్వాత రెండు. బుచ్చమ్మ కాలి కడియాలు బిగుసుకుపోతే సబ్బు రాసి తీశాడు. ఆమె తల కింద ఒక దిండు రెండయ్యింది, రెండు చాలక గొంగడి మడిచి మూడోదిగా పెట్టాడు. దగ్గు వస్తే మూడో గోలీ వల్ల అనుకున్నాడు. ఆయాసమొస్తే పేల్చిన బండల దుమ్మనుకున్నాడు. ఆ దుమ్ముకు గల్లీ అంతా దగ్గుతూనే ఉంది మరి. పొద్దున్నే కడ్డీ మీద గుండు ముందుకు జరిపేటప్పుడు అతని చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ తర్వాత ముందు పేజీలో యాభై రెండు రాయగానే మనసు కుదుటపడేది. ఆ అంకెలు ఒకదాని కింద ఒకటి, వరసగా నిలబెట్టిన బస్తాల్లా ఉండేవి.

ఆసుపత్రికి పోవలసిన రోజు వచ్చింది. కొత్త గాజు మేడకు పెద్దలెవరో వస్తున్నారని రోడ్లన్నీ మూసేశారు, ఒక్క ఆటో కదల్లేదు. బుచ్చమ్మ నడవలేదు. పుస్తకం తీసుకుని నువ్వొక్కనివే పో, నాకంటె నీ పుస్తకమే మంచిగ మాట్లాడ్తది అంది. అతను బండల మధ్య కాలిబాట పట్టి నడిచిపోయాడు. అక్కడ ఆ రోజు రెండో నర్సు రాలేదు. నాగేశ్వరి ఒక్కతే నలభై మందిని చూసుకుంటోంది. అయినా పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. యాభై రెండు, యాభై రెండు, యాభై రెండు. వాపు ఏమైనా ఉందా అని అడిగితే, ఎప్పటి లెక్కనే అమ్మా అన్నాడు. ఆయాసం అడిగితే దుమ్ము సంగతి చెప్పాడు. అతను అబద్ధం చెప్పలేదు. తేమ మాట దాచాలని దాచలేదు, లెక్కలోంచి తీసేశాక అది అతని మనసులోంచి కూడా పోయింది.

"బరువు ఇంత స్థిరంగా ఉంటే ఇంక దిగులెందుకండీ" అని నాగేశ్వరి అవే మందులు మళ్ళీ కట్టి ఇచ్చింది. అతను తిరిగొచ్చి ఆ మాట చెబితే, బుచ్చమ్మ మూడు దిండ్ల మీద ఆనుకుని, మంచిదే గదా అంది. అంతకంటే ఎక్కువ మాట్లాడటానికి ఆమెకు ఊపిరి చాల్లేదు.

ఆ తర్వాత ఆరు రోజులకు, పొద్దున పదకొండింటప్పుడు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీస్తూ బుచ్చమ్మ చేట పక్కకు నెట్టేసింది. తలుపు రెక్క పట్టుకుని లేవబోయి లేవలేకపోయింది. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గొంతులో నీళ్ళు కాగుతున్నట్టు చప్పుడు. పక్కింటి కనకమ్మ పరిగెత్తుకుంటూ పోయి, టీ కొట్టు దగ్గర వ్యాను ఆపుకుని ఉన్న శివశంకర్‌ను పట్టుకొచ్చింది. ఆఫీసు వ్యానులోనే ఆమెను కూర్చోబెట్టి తీసుకుపోయారు. లింగమూర్తి ఒక చేత్తో ఆమెను పట్టుకున్నాడు, ఇంకో చేత్తో పుస్తకం.

దారిలో ఆమె కళ్ళు తెరిచి అడిగింది. "ఇయ్యాల… నా సవతి ఎంత జూపించిందయ్య?"

"యాభై రెండే. ఫికర్ జెయ్యకు."

"మరి నాకెందుకు… గింత బరువున్నది?"

ఆసుపత్రిలో నాగేశ్వరి ఆమెను పడుకోనివ్వలేదు. నిటారుగా కూర్చోబెట్టి కాళ్ళు కిందికి వేలాడదీసింది, ముక్కుకు ఆక్సిజన్ పెట్టింది. నీటి గోలీ మందునే సూదితో నరంలోకి ఎక్కించారు. యజ్ఞనారాయణ వచ్చి వీపు మీద గొట్టం పెట్టి విని, ఊపిరితిత్తులు నిండిపోయాయని మెల్లగా చెప్పాడు. నాగేశ్వరి బుచ్చమ్మ కాలి మీద వేలు నొక్కింది. సొట్ట మోకాలి దాకా పడింది, ఎంతకీ పూడలేదు. ఆమె లింగమూర్తి చేతిలోంచి పుస్తకం లాక్కుంది.

"ఇంత నీరుంటే యాభై రెండు ఎలా వచ్చిందండీ?"

"లెక్క తప్పు పోలేదమ్మా. ఎనకకు తిప్పు, అంత ఉన్నది."

ఆమె వెనక పేజీ తిప్పింది. ఒక్కొక్క గీత మీదా వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చింది. చివరి గీత దగ్గర వేలు ఆగింది. పుస్తకం మూసి మళ్ళీ బుచ్చమ్మ దగ్గరికి పోయింది. లింగమూర్తి ఆమె ముఖం చూశాడు. తూకం తప్పిందని రైతు కన్నా ముందు దడ్వాయికే తెలుస్తుంది.

పొద్దు వాలకముందే బుచ్చమ్మ పోయింది. వరండాలో అతను నాగేశ్వరిని పట్టుకుని, లెక్క ఏడ తప్పిందో చెప్పమ్మా అని అడిగాడు. ఆమె చెప్పనంది. వెనక పేజీ చూడకపోవడం, మనిషిని చూడకుండా పుస్తకం చూసి మందులివ్వడం తన తప్పేనంది. అతను వదల్లేదు. చివరికి ఆమె అతని రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు తీసేసిన ఆ నీటి కోసమే బాబాయి గారూ, మేం బరువు చూడమన్నది."

పదకొండో రోజు వసారాలో జనం కూర్చున్నారు. కాంటా మీద గోనెపట్టా కప్పి ఉంది. ఆ పది రోజులూ శివశంకర్ తండ్రి ముఖం చూసి మాట్లాడలేదు. ఎందుకో లింగమూర్తికి తెలుసు. గల్లీలో అందరి నోటా ఒకటే మాట. నవ్వించిన ముచ్చటే ఇప్పుడు ఏడిపించే ముచ్చట అయింది. గోలీని బిల్లనుకున్న ముసలాయన, గోలీలు ఇయ్యకుండానే పెళ్ళాన్ని పోగొట్టుకున్నాడట. కనకమ్మ ఆ మాటే ఎవరికో చెబుతోంది, పాపం చెవులు సరిగ వినపడవు, ఆయనదేం తప్పు అని. ఓ మూల గోవిందప్ప తల వంచుకుని కూర్చున్నాడు. ఆ ముచ్చటను ఊరంతా పంచింది తనే గదా.

ఆ మాటను అలాగే ఉండనిస్తే సరిపోయేది. చెవిటితనానికి శిక్ష లేదు, జాలే ఉంటుంది. నాగేశ్వరి కూడా ఆ రోజు వచ్చింది. గోలీలు ఒక్కపూట తప్పలేదని చెప్పబోయి ఊరుకుంది. అది చెబితే మిగతాది కూడా చెప్పాలి. చెప్పాలో వద్దో అన్నట్టు అతని వైపు చూసింది.

లింగమూర్తి లేచి గోనెపట్టా తీశాడు. కాంటా పలక మీద పుస్తకం పెట్టాడు.

"బిల్లు ముచ్చట శ్రావణంలనే అయిపోయింది" అన్నాడు. "రెండు దినాలు గోలీ తప్పింది నిజమే. ఆ తర్వాత ఒక్కనాడు తప్పలే. సిస్టరమ్మ సక్కగనే చెప్పింది, నేను సక్కగనే ఇన్న. నా చెవుల తప్పు లేదు. శంకరా, నా దిక్కు జూడు. తప్పు ఈడున్నది."

చెయ్యి కడ్డీ మీద పెట్టాడు. అప్పుడు అందరికీ అర్థమయ్యేటట్టు, యార్డులో కొత్తవాడికి పని నేర్పినట్టు చెప్పాడు. తడి వడ్లకు తేమ తరుగు ఎట్లా తీస్తారో, ఎందుకు తీస్తారో చెప్పాడు. సిస్టరమ్మ బరువు రాయమన్నది ఎందుకో చెప్పాడు. నీళ్ళు పెరిగినట్టు అంకె చెప్పాలి, అంకె చూసి వాళ్ళు మందు పెంచాలి, మందు ఆ నీళ్ళను బయటికి పంపాలి. తను ప్రతి పొద్దునా ఆ నీళ్ళను వేలితో పట్టి చూసి, ఎంతున్నాయో లెక్కగట్టి, అంకెలోంచి తీసి వెనక పేజీలో దాచినట్టు రాసుకున్నానన్నాడు.

"ఆమె ఒంట్ల కెల్లి తియ్యాల్సిన నీళ్ళు, నేను కాయితం మీద కెల్లి తీసిన."

కనకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ, ఆ వెనక పేజీ తను చూడలేదని అందరికీ వినపడేలా అంది. శివశంకర్ లేచి వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. పుస్తకం తీసి వెనక్కి తిప్పాడు. చివరి గీత దగ్గర తండ్రి గొలుసుకట్టు రాత అతనికి అంతుపట్టలేదు.

"నాయినా, ఆ పొద్దు అమ్మ అసలెంతున్నది?"

యాభై ఆరున్నొకటి అనబోయి లింగమూర్తి ఆగాడు.

"యాభై ఏడు" అన్నాడు.